తమ్ముడు తాగిన జాడీ

నేను ఒక మట్టి జాడీని. నన్ను గురించిన నవలను తెలుగులోకి దించినాయన నన్ను కల్లుకుండ అన్నాడని విన్నాను. తాటిచెట్టు ముఖం ఎరుగని నన్ను అలా అన్నందుకు ఆయన మీద నాకు కోపం లేదు. పాపం, పుస్తకంలో ఉన్నదాన్ని నమ్మాడు. నా కోపమంతా ఆ పుస్తకం మీద.

చైనాలో షావ్‌షింగ్ వైపు, కాలువగట్టు మీది ఒక ఊరి ఆవంలో కాలాను. అక్కడ ఆడపిల్ల పుడితే జిగురుబియ్యపు మద్యాన్ని జాడీలో నింపి, మూతికి బంకమట్టి మెత్తి, పెరట్లో పాతిపెడతారు. పెళ్ళినాడు తవ్వి తీసి వియ్యాలవారికి పోస్తారు. పెళ్ళి కాకుండానే పిల్ల పోతే ఆ మద్యానికే ‘రాలిన పువ్వు’ అని పేరు. షెన్ వారింట తొలిచూలు గ్వేలాన్ పుట్టినప్పుడు నన్ను పాతారు. అంటే నేను ఆమె సొత్తును. ఇందులో సందేహానికి తావు లేదు.

ఆమె తమ్ముడు యావ్‌జు చదవాలని గ్వేలాన్ బడి మాని మద్యం బట్టీలో బియ్యం కడిగే పనికి చేరింది. మూతబడ్డ విశ్వవిద్యాలయాలు మళ్ళీ తెరిచిన చలికాలంలో వాడికి సీటు వచ్చింది. ఊరికి విందు చేయాలి. ఇంట్లో చుక్క మద్యం లేదు. తండ్రి గునపం తీసుకుని పెరట్లోకి నడిచాడు. అది పిల్లది కదా అని తల్లి అడ్డుపడింది. పెళ్ళి నాటికి ఇంకొకటి పాతుదాంలే అన్నాడాయన. నేను మట్టిలో గడిపిన ఇరవైరెండేళ్ళు కూడా విత్తనంలాంటివేనని, మళ్ళీ పాతితే మొలుస్తాయని మనుషులు ఎలా అనుకోగలరో నాకు ఈనాటికీ అంతుపట్టదు.

విందులో గ్వేలానే వంచి పోసింది. యావ్‌జు మరీ మరీ పోయించుకున్నాడు. ఆ వసంతంలో జరగవలసిన ఆమె పెళ్ళి జరగలేదు. తమ కోడలి జాడీ ఎవరి సంబరానికో ఖాళీ అయిందని తెలిసి, పెళ్ళివారు నిశ్చయం రద్దు చేసుకున్నారు. ఆ తరువాత ఏ సంబంధమూ కుదరలేదు. నేను ఆమె వంటింట్లో ఆవాకు ఊరబెట్టుకునే జాడీనయ్యాను. అదేమీ చిన్నతనం కాదు. ఆ ఊరగాయ ఆమెది, తిన్నదీ ఆమే.

యావ్‌జు రచయిత అయ్యాడు. షెన్ వంశపు నాలుగు తరాల కథ రాశాడు. అందులో అక్క పెళ్ళిబట్టలు కుట్టుకుంటూ క్షయతో చనిపోతుంది. ఆమె జాడీని ఎవరూ తెరవరు. తమ్ముడు ప్రతి ఏడూ ఆ మట్టి మీద కూర్చుని ఏడుస్తాడు. పుస్తకం ముప్పై భాషల్లోకి వెళ్ళింది. పరదేశంలో పెద్ద బహుమతి వచ్చింది. ‘తెరవని ఆ జాడీ ఒక జాతి మౌనం’ అని ఒక పండితుడు రాశాడట. ఆయన ఆ వాక్యం రాసే వేళకు నా కడుపులో ఆవాకు పులుస్తోంది.

గ్వేలాన్‌కు తన చావు కబురు బట్టీలో తెలిసింది. పక్కన పనిచేసే జిన్‌మెయ్ అడిగింది: “ఏమే అక్కా, ఇరవైరెండో ఏటనే పోయావంట గదా? మరి నెలనెలా నీ జీతం తీసుకునే దయ్యం ఎవరే?” అందరితోపాటు గ్వేలానూ నవ్వింది. ఇంటికి వచ్చి పుస్తకం తెచ్చుకుని చదివింది. చదివినంతసేపూ ఆ మొహంలో నవ్వు లేదు.

ఊళ్ళో నవలకొక మ్యూజియం కట్టారు. యావ్‌జు వచ్చి, అందులో పెట్టడానికి నన్ను ఇమ్మని అక్కను అడిగాడు. ఆమె ఒక్కటే షరతు పెట్టింది: “నా పేరు రాయించు. బతికే ఉన్నానని రాయించు. జాడీ ఎవరు తాగారో కూడా రాయించు.” అలాగే అక్కా అన్నాడు. నన్ను వాసన పోయేదాకా కడిగించి, నీళ్ళు నింపించి, మూతికి కొత్త మట్టి మెత్తించి, గాజుబల్ల మీద కూర్చోబెట్టాడు. కింద పలక మీద రాయించింది ఇదీ: ‘రాలిన పువ్వు. ఎన్నడూ తెరవనిది.’

ప్రారంభోత్సవానికి దేశదేశాల అనువాదకులు వచ్చారు. గ్వేలాన్ టికెట్టు కొనుక్కుని, తడిసిన గొడుగుతో లోపలికి వచ్చింది. పలక చదివింది. తమ్ముడి దగ్గరికి వెళ్ళి, ఏదిరా నా పేరు అని అడిగింది. వాడు గొంతు తగ్గించి, “ఇప్పుడు కాదక్కా. చదివినవాళ్ళంతా నీ కోసం ఏడ్చారు. ఆ ఏడుపును అబద్ధం చేయమంటావా?” అన్నాడు.

ఆమె నేరుగా నా దగ్గరికి వచ్చింది. గొడుగు మొనతో నా మూతి మట్టి పెకలించింది. కాపలావాడు కదలబోతే, ఇది కార్యక్రమంలో భాగమనుకుని అతిథులే అతణ్ణి ఆపారు. అలంకారానికి పెట్టిన గిన్నెను నాలో ముంచి తమ్ముడికి అందించింది.

“తాగు. నేను చచ్చిపోయానని నువ్వు పెట్టించిన మద్యం ఇది. ఎలా ఉందో వీళ్ళకు నీ నోటితో చెప్పు.”

అతను గిన్నె వైపు చూశాడు. నిజం చెప్పడానికి అంతకన్న సులువైన ఘడియ ఎవరికీ దొరకదు. నీళ్ళు అంటే చాలు. తాగాడు. కళ్ళు మూసుకున్నాడు.

“ఎంత పాతబడిందో,” అన్నాడు. “దుఃఖం రుచి.”

అతిథులు ఆ మాట రాసుకున్నారు.

గ్వేలాన్ వాళ్ళ వైపు తిరిగి, “చూశారుగా. పుస్తకమంతా ఇట్లాగే రాశాడు,” అంది.

దుబాసీ తడబడి రచయిత మొహం చూసి, ఈమె మీకు స్వాగతం పలుకుతోందని చెప్పాడు. అతిథులు వంగి ఆమెకు నమస్కరించారు.

నా మూతికి మళ్ళీ మట్టి మెత్తారు. పలక అలాగే ఉంది. ముప్పై భాషలు తిరిగిన ఆ కథలో ఏ భాషలోకీ వెళ్ళనివ్వని వాక్యం ఆమెదొక్కటే. దాన్ని మీకు ఉన్నదున్నట్టు చెప్పాను. మర్యాద కోసం మార్చకండి.