లూపే వాకిట్లో నోను చెట్టు

తెల్లారగానే ఆ దీవి ఊళ్ళో అందరూ ముందు చేసే పని, నోను చెట్టు ఎవరి వాకిట్లో ఉందో చూడ్డం. పొయ్యి రాజెయ్యడం, పందులకి మేత వెయ్యడం ఆ తర్వాతే. ఊరి మొత్తంలో ఎవరికి నొప్పి ఎక్కువుంటే వాళ్ళింటి ముందుకెళ్ళి నిలబడేది ఆ చెట్టు. పడవ బోల్తాపడి నడుము విరిగిన ముసలి సెమో ఇంటి దగ్గర ఓ వానాకాలమంతా ఉంది. పురిటినొప్పులకి మాత్రం కదిలేది కాదు. "పూట నొప్పులకి వేళ్ళు పీక్కుని వస్తుందా ఏంటి" అనేవాళ్ళు ఆడవాళ్ళు. దాని పండు తింటే నొప్పి లాగేసేది. కంపంటారా, అది అడక్కండి. ముక్కు మూసుకుని మింగాల్సిందే.

కిందటి తుఫాను దగ్గర్నుంచీ చెట్టు లూపే వాకిట్లోనే ఉండిపోయింది. అది కంటపడ్డప్పుడల్లా పక్కింటి ఫువాతినోకి ఒళ్ళు మండిపోయేది. లూపే ఆమెకి తోడికోడలు, మరిది పెళ్ళాం.

ఫువాతినో బాధ మోకాళ్ళు. చిన్నప్పట్నుంచీ అల్లకాల కొట్టంలో బాసింపట్టు వేసుకుని, మొగలి ఆకుని దారమంత సన్నగా చీల్చి చాపలల్లిన మనిషి. ఇప్పుడు మోకాలు మడిస్తే ప్రాణం పోతోంది. నలుగురిలో కాళ్ళు చాపడం ఆ ఊళ్ళో మర్యాద కాదు. చాపక తప్పకపోతే మీద చాప కప్పుకోవాలి. పళ్ళూడిన ముసలమ్మలు కప్పుకుంటారలా. ఫువాతినోకి తలైనా నెరవలేదు, అయినా కప్పుకుంటోంది. ఎదురుగా లూపే బాసింపట్టు కదలకుండా కూచుని కీర్తనలు పాడుతూ అల్లేది.

"ఆ పాటేంటి, ఆ కూచోడమేంటి! దానికేం నొప్పి? అంతా వేషం. చెట్టు కూడా నమ్మేసింది" అంది మొగుడితో.

"చెట్టుకేం తెలుసే వేషాలు" అన్నాడు తావలే, వల బాగుచేసుకుంటూ.

"నేననేదీ అదేగా. చెట్టుకేం తెలుసు!"

లూపే అప్పుడప్పుడూ బుట్టతో వచ్చేది. "అక్కా, బాగా ముగ్గినవి ఏరి తెచ్చాను. రెండు తిని చూడు, రేపటికి కాళ్ళు మడుస్తావు."

"నాకెందుకమ్మా? నీ చెట్టు, నీ పళ్ళు. నువ్వే తిను, గొంతు ఇంకా లేస్తుంది."

లూపే నవ్వేసి బుట్ట మెట్టు మీద పెట్టి పోయేది. ఆమె అటు వెళ్ళగానే ఫువాతినో పళ్ళన్నీ పందులకి పోసేది. ఓ సాయంత్రం కుంటి పంది కూడా ఊరంతా పరుగులు పెట్టింది. అది చూసినా ఆమె ఒక్క పండు నోట పెట్టలేదు. లూపే చేతి పండు తిని బాగుపడ్డం కంటే కుంటడమే మేలనుకుంది.

అలా ఉండగా వచ్చింది అసలు ముప్పు. ఇంటి పెద్దకోడలిగా వంశానికంతటికీ గొప్ప చాప అల్లే వంతు ఫువాతినోది. పట్టుగుడ్డలా మడతపడే చాప. అల్లిన చాపలు ఊరంతటికీ చూపించే చాపల ఊరేగింపులో దాన్ని పట్టుకుని ముందు నడవాలి. ఇంకా ఓ అంచు మిగిలిపోయింది.

"ఊరేగింపులోపు అవకపోతే లూపేకిచ్చేద్దాం" అంది కొట్టానికి పెద్ద అయిన సియేనీ.

"నా చాప నా చేతులతోనే అవుతుంది."

"చేతులకేమైందే? కూచోడమే నీవల్ల కావట్లేదు."

కొట్టమంతా నవ్వింది. లూపే నవ్వలేదు. "నాకొద్దు పెద్దమ్మా, అక్కే పూర్తిచేస్తుంది" అంది. ఆ జాలి ఫువాతినోకి నవ్వుల కంటే ఎక్కువ గుచ్చుకుంది.

ఆ సాయంత్రం ప్రార్థనకి శంఖం ఊదగానే ఇంటిల్లిపాదీ తలలు వంచారు. ఫువాతినో కళ్ళు గట్టిగా మూసుకుంది. "దేవుడా, ఒక్కసారి దాని నొప్పి కంటే నా నొప్పి పెద్దది చెయ్యి. చెట్టు నా వాకిటికి రానీ. ఇంకేం అడగను."

రోజూ అదే అడిగింది. ఊరేగింపు వారం పడేసరికి, ఓ పొద్దున కోకో కాచుకుందామని లేచి చూస్తే చెట్టు ఆమె వాకిట్లోనే ఉంది, వేళ్ళకి తడి మన్ను అంటుకుని.

ఫువాతినో చెట్టు కిందే నిలబడి పండు తింది. రసం మోచేతిదాకా కారింది. మోకాలు వంచి చూసుకుంది. చక్కగా వంగింది. సంతోషం పట్టలేక పక్కింటి వైపు తిరిగి కేకేసింది.

"లూపే! లేచావా? ఒకసారి బయటికొచ్చి చూడు, చెట్టెక్కడుందో!"

లూపే రాలేదు. మరిది వచ్చాడు. కంచె దగ్గర ఆగి చెట్టునీ, వదిననీ చూశాడు.

"పోయింది వదినా. ఇందాక, కోడి కూసేవేళ."

ఫువాతినో కంచె దగ్గరికి వచ్చింది. "ఏమైంది?"

"కడుపులో పుండు. చాన్నాళ్ళది. పట్నంలో, ఆపియా పెద్దాసుపత్రికి వెళ్ళొచ్చాం, లాభం లేదన్నారు. పండు తిన్న పూట తగ్గేది, మళ్ళీ మొదలయ్యేది. ఎవరికీ చెప్పొద్దంది. పాడుతూ ఉంటే మూలుగు బయటికి రాదనేది." అతను చేత్తో మొహం తుడుచుకున్నాడు. "మంచి పళ్ళన్నీ నీకే ఏరేది. నేను తిట్టేవాణ్ణి కూడా."

ఫువాతినో లోపలికెళ్ళి చాప తీసుకుని కొట్టానికి నడిచింది. అందరి మధ్యా బాసింపట్టు వేసుకుని కూచుంది. కొట్టంలో ఎవరూ నవ్వలేదు. సియేనీ పక్కన చేరి ఆకులు చీల్చి అందించింది. ఫువాతినో అన్నానికి కూడా లేవకుండా అంచు అల్లేసి, దాన్ని తీసుకెళ్ళి లూపే మీద కప్పింది. ఊరేగింపులో ముందు నడవాల్సిన చాప లూపేతోనే మట్టిలోకి వెళ్ళిపోయింది.

సమాధి అయిన మర్నాడు ఊరంతా లేచి చూసింది. చెట్టు ఫువాతినో వాకిట్లోనే ఉంది.

"మోకాళ్ళు తగ్గాయిగా నీకు? ఇంకా ఇక్కడేం చేస్తోందిది?" అన్నాడు తావలే.

ఫువాతినో చెట్టెక్కి ఓ పండు కోసుకుని తింది. ఇంకోటి తింది. ముక్కు మూసుకోకుండా, చేతికందినవన్నీ తింది. చిన్నపిల్లలా గెంతగల మోకాళ్ళతో కిందికి దిగి, వేళ్ళ వైపు చూస్తూ నిలబడింది.

చెట్టు కదల్లేదు.