ఒకే ఊపిరిలో ఆలాపన

వేణువు వాయించే ముసలి ఆన్సెల్మ్ దగ్గు ముదిరి చనిపోయాక, జర్మనీలో నెక్కార్ నది ఒడ్డున దొరగారి కోటలో ఆయన కొలువు కిలియాన్‌కి దక్కేట్టుంది. ముందు ఆ ముసలాయన రాసిపెట్టిన కాన్చెర్టో అనే మూడు భాగాల వాద్యరచనని ఆయన వేణువు మీదే వాయించి దొరగారిని మెప్పించాలి.

మొదటి భాగం పెళ్ళి ఊరేగింపులా హుషారుగా సాగిపోతుంది. చిక్కంతా రెండోదానితోనే. నెమ్మదిగా నడిచి నడిచి అది ఒకచోట ఆగుతుంది. కాగితం మీద అక్కడేమీ రాసి ఉండదు. మిగతా వాద్యాలన్నీ ఊరుకుంటే, వేణువు ఒక్కటే మనసుకి తోచింది ఒకే ఊపిరిలో ఆలపించాలి. చివర రెండు స్వరాల మధ్య గబగబా వణికిందంటే అదే సైగ. అందరూ అందుకుంటారు.

సాధన మొదలైన రోజే కిలియాన్ భార్య వాల్బుర్గా కనిపెట్టింది. ఆలాపన మొదలవగానే ఉయ్యాల్లో నాలుగు నెలల రోజీనా ఊపిరి తీయడం మానేస్తోంది. స్వరం వణికాకే మళ్ళీ ఛాతీ ఎగసిపడుతోంది. పైగా ఆలాపన రోజురోజుకీ పెరుగుతోంది. కిలియాన్ మాత్రం రోజూ అవే నాలుగు ముక్కలు వాయిస్తున్నానన్నాడు.

"పిల్ల తుమ్మినా గండమే అంటావు. నిద్ర చాలక నీకిలా అనిపిస్తోందే."

"లెక్కపెట్టానయ్యా. పాప ఊపిరి ఆగాక మొన్న ఎనిమిది అంకెలు, ఇవాళ పదిహేను."

"మా వాద్యబృందంలో తాళానికి మనిషి కావాలిట, వెళ్తావా?" అని నవ్వేశాడు.

కొత్తగా కొలువుకొచ్చేవాడి భార్యాబిడ్డలు దొరసానికి మోకాలొంచి దండం పెట్టడం ఆ కోట మర్యాద. అందుకని దొరగారి ముందు కచేరీ జరిగే ఆదివారం మధ్యాహ్నం పాపని ఎత్తుకుని వెళ్ళక తప్పలేదు. రెండో భాగం రాగానే వాల్బుర్గా మెట్ల మీదికి తప్పుకుని తలుపు మూసింది. అయినా ఆలాపన వినిపిస్తూనే ఉంది. ఇరవై. ముప్ఫై. పాప పెదవులు నీలంగా మారుతున్నాయి.

తలుపు తోసింది. సభంతా పరవశంతో కళ్ళు మూసుకుంది. వాద్యగాళ్ళు వయొలిన్ కమానులు ఎత్తిపట్టి, తలలు కాగితాల మీదికి వంచి, చెవులతో సైగ కోసం కాచుకున్నారు. కిలియాన్ వేణువుని ఎప్పుడో దించేశాడు. అది అతని రొమ్ముకి ఆనుకుని ఉంది. ఆలాపన మాత్రం ఆగలేదు.

వాల్బుర్గా ఎన్నడూ పాడింది లేదు. ఆ రెండు స్వరాలనీ పట్టుకుని గొంతు చీరుకుపోయేలా వణికించింది. అలవాటు కొద్దీ కమానులన్నీ ఒక్కసారిగా దిగాయి. ఆ మోతలో వేణునాదం మునిగిపోయింది. పాప ఎగపీల్చి గుక్కపెట్టి ఏడ్చింది.

రెండో భాగం ముగిశాక బృందనాయకుడు పళ్ళు కొరుకుతూ కిలియాన్ దగ్గరికి వచ్చాడు. ఆడదాన్ని అదుపులో పెట్టి మూడో భాగం వాయిస్తాడా, లేక కొలువు వదులుకుంటాడా అని అడిగాడు. మూడోదాంట్లోనూ అలాంటి ఖాళీ చోటు ఒకటుంది.

"ఇందాక మీరు విన్నది నన్ను కాదండీ," అన్నాడు కిలియాన్. వేణువుని కుర్చీ మీద పెట్టి, భార్య చెయ్యి పట్టుకుని బయటికి నడిచాడు.

వాళ్ళు వాకిలి దాటేసరికి లోపల మూడో భాగం మొదలైంది. ముందు వయొలిన్లు, వాటి వెనకే సరిగ్గా వేళకి వేణువు అందుకుంది. ఆ బృందంలో వేణువు వాయించేవాడు ఇంకొకడు లేడు.

ఇద్దరూ పరుగెత్తారు. నది మీద వంతెన దాటి, ఆ పాట చెవికి అందనంత దూరం వెళ్ళేదాకా వాల్బుర్గా పాప ముక్కు దగ్గర్నుంచి వేలు తీయలేదు.