మార్తకు ఎనభై తొమ్మిదేళ్లు తక్కువ

జక్కయ్య మెత్తటి కుంచెతో దవడ ఎముక సందుల్లోని దుమ్ము దులుపుతున్నాడు. బెంజ్ సర్కిల్ దగ్గర్లోని ఆ పురావస్తు గోదాములో అటెండరుగా చేరినప్పట్నుంచీ, పంతొమ్మిదేళ్లుగా ప్రతి సోమవారం చేసే పనే ఇది. పొట్టి మనిషి, వాలిన భుజాలు. కలరా ఉండల వాసన చొక్కాలకే కాదు, జుట్టుకీ పట్టేసింది.

ఆ ఎముకలు ఒక యానాది స్త్రీవి. నూట పదేళ్ల కిందట ఎవరో దొర దివిసీమలో యానాదుల శ్మశానం తవ్వి, పుర్రె కొలతల కోసం ఎత్తుకొచ్చాడు. కొలుచుకుని తన దేశం పోయాడు. ఆమె ఇక్కడే ఉండిపోయింది. ఆమె తాలూకు వాళ్లు ఆరేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగి, ఆమెను తమకు అప్పగించాలన్న ఉత్తర్వు తెచ్చుకున్నారు. ఈ రోజు పదకొండింటికి వచ్చి తీసుకుపోతారు.

పొద్దుట్నుంచీ ఒకటే హడావుడి. కొత్త టేకు పెట్టె వచ్చింది, తెల్లటి పట్టుగుడ్డ వచ్చింది, బంతిపూల దండలు వచ్చాయి. గేటు దగ్గర పోలీసు జీపు ఆగింది.

"జాగ్రత్తండీ జక్కయ్యగారూ, ఒక్క ముక్క కూడా విరక్కూడదు," అంది అసిస్టెంట్ డైరెక్టర్ సుస్మిత మూడోసారి.

"అలాగేనండీ," అన్నాడు గాని, లోపల కుతకుతలాడిపోయాడు. పోయి నూరేళ్లు దాటిన మనిషికి జీపా! పట్టుగుడ్డా!

అతని భార్య మార్తను గన్నవరం అవతల సమాధుల తోటలో పెట్టారు. పదకొండేళ్లకు రోడ్డు వెడల్పు చేసే పని వచ్చింది. గోడకు నోటీసు అంటించారట, వానకు ఊడిపోయిందట. ఆదివారం ఆరాధన అయ్యాక పూలు పట్టుకుని వెళ్లేసరికి సిలువ లేదు, సిమెంటు దిమ్మ లేదు. పొక్లెయిన్ పళ్ల గాట్లు, ఎర్రకంకర. ఆ మట్టి ఎక్కడ పోశారో లారీవాళ్లకే గుర్తులేదు.

మర్నాడు సుస్మితను అడిగాడు. "మన చట్టంలో ఏమన్నా ఉంటదేమోనండీ?"

"నూరేళ్లు దాటిన వాటికేనండీ మన చట్టం," అందామె, అతని మొహం చూడలేక.

పటమట వెళ్లే సిటీ బస్సులో నిలబడి లెక్క వేసుకున్నాడు. మార్తకు ఇంకా ఎనభై తొమ్మిదేళ్లు తక్కువ.

ఇప్పుడు గదిలో ఒక్కడే ఉన్నాడు. తలుపు వైపు చూశాడు. కాలి చిటికెన వేలి ఎముక, చింతగింజంత, తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఈమెకు ఇంతమంది ఉన్నారు, ఒక్క ముక్క తగ్గితే ఏం పోయింది? దీన్ని ఎక్కడైనా పాతి, పైన సిలువ పెట్టి, మార్త అనుకుంటాడు. ఆదివారం పూలు పెట్టుకోవడానికి ఒక చోటుంటుంది.

పదకొండింటికి వ్యాన్ వచ్చింది. నలుగురు మగవాళ్లు, వాళ్ల ముందు చంకలో న్యూస్ పేపరు పొట్లంతో ఎనభై దాటిన పోలమ్మ. ఆమె పెట్టె పక్కన గొంతుక్కూర్చుని, పుర్రె మీద అరచెయ్యి ఆనించింది. ఏడవలేదు.

"ఎంతసేపు పడుకుంటావే అవ్వా? లెగు. ఇంటికి పోదాం."

గోడవారన నిలబడి జక్కయ్య విన్నాడు. ఆ మాట తను మార్తతో అందామన్నా, ఏ మట్టికుప్ప వైపు తిరిగి అనాలి?

"ఇన్నేళ్లూ మా అవ్వని తుడిచిందెవరయ్యా?" అడిగింది పోలమ్మ. సుస్మిత అతన్ని చూపించింది.

"ఇంత బాగా చూశావు. నీకు ఆడోళ్లు లేరా బాబూ?"

"ఉండేదమ్మా. పోయింది. సమాధి రోడ్డు కింద పోయింది."

"పేరేంటి?"

"మార్త."

పోలమ్మ పెట్టెలోకి వంగింది. "మార్తంట అవ్వా. పాపం, చోటు లేదంట. నీకాడికొస్తే జరిగి పడుకో."

జక్కయ్య జేబులో చెయ్యి పెట్టాడు.

"ఇదొకటి... పక్కకు పడిందమ్మా."

ముసలామె అతని జేబు చూసింది, మొహం చూసింది. వేలి ఎముక అందుకుని పాదం దగ్గర పెట్టి, గుడ్డ కప్పింది.

జీపు ముందు, వ్యాన్ వెనక కదిలాయి. సర్కిల్లో కానిస్టేబుల్ బస్సుల్నీ ఆటోల్నీ ఆపేసి వాళ్లకు దారిచ్చాడు. గేటు పట్టుకుని జక్కయ్య చూస్తూ నిలబడ్డాడు. కుళ్లు పోయిందనుకున్నాడు; పోలేదు. ఆమె కోసం ఊరంతా ఆగింది. మార్త మీద నుంచి ఇప్పుడు కూడా లారీలు పోతూ ఉంటాయి.

వ్యాన్ కనుమరుగయ్యాక గదికి తిరిగొచ్చాడు. అతని స్టూలు మీద పాత న్యూస్ పేపర్లో చుట్టి తాటినారతో కట్టిన పొట్లం ఉంది. ఎండు మెత్తళ్ల ఉప్పుచేప వాసన కలరా ఉండల వాసనను తోసుకుంటూ గదంతా పరుచుకుంటోంది.