అదురు

కారెక్కినప్పటినుంచీ పిచ్చుక నోరు మూతపడలేదు. ఆ పిల్ల అసలు పేరు ఇంట్లోవాళ్ళకి కూడా ఆలోచిస్తే గానీ గుర్తురాదు. నోట్లో నువ్వుగింజ నానదని చిన్నప్పుడే పిచ్చుక అన్నారు, ముప్పై దాటినా పిచ్చుకగానే ఉండిపోయింది. పళ్ళ డాక్టరు దగ్గర పని. వారమంతా జనం తెరిచిన నోళ్ళలో గొట్టం పెట్టి ఉమ్మి లాగుతూ నిలబడాలి. అక్కడ డాక్టరు తప్ప ఎవరూ మాట్లాడరు. లోపల పేరుకున్న మాటలన్నీ సాయంత్రం ఇంట్లోవాళ్ళ నెత్తిన కుమ్మరిస్తుంది. ఆదివారం మాత్రం షూటింగ్ క్లబ్బుకి పోయి పిస్తోలు కాల్చి వస్తుంది. నాలుగేళ్ళుగా అదో పిచ్చి.

పక్క సీట్లో ఉన్నది ఆమె అన్న భార్య. సిటీ బస్సు డ్రైవరు. డిపోలో అందరూ డ్రైవరమ్మ అంటారు. మామూలు రోజుల్లోనే నాలుగడిగితే ఒకటి చెప్పే మనిషి. ఈ మధ్య ఆ ఒక్కటి కూడా రావడం కష్టంగా ఉంది.

సిగ్నల్ దగ్గర కారు ఆపుతూ, "వదినా, కాలు తియ్యి," అంది పిచ్చుక.

"ఏ కాలు?"

"కుడికాలే తల్లీ. నీ వైపు బ్రేకు లేదు. నేను వేసినప్పుడల్లా నువ్వూ వేస్తున్నావు. నా డ్రైవింగు మీద అంత అనుమానం ఉంటే దిగి నడిచి రా."

"నేనేం వెయ్యట్లేదు."

"వెయ్యట్లేదులే. వదినతో వాదించి గెలిచిన ఆడపడుచు ఎక్కడుంది?"

డ్రైవరమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. ఒకామె చంటిపిల్లను చంకనేసుకుని రోడ్డు దాటుతోంది. ఆ పిల్ల చేతిలో ఒక్కటే చెప్పు ఉంది. రెండోది ఎక్కడ పడిపోయిందో అనుకుంది. ఆ తర్వాత దాన్ని గురించి ఏమీ అనుకోలేదు. ఇప్పుడు ఆమెకి అన్నీ అలాగే ఉన్నాయి. చూపు ఆనుతుంది, కాసేపు నిలుస్తుంది, జారిపోతుంది.

రెండు నెలల కిందట, వాన పడుతున్న సాయంత్రం, సైకిలు నడిపించుకుంటూ ఒక పెద్దాయన ఆగి ఉన్న లారీ చాటునుంచి రోడ్డు మీదికి వచ్చాడు. ఆమె బస్సు ఆయన్ని కొట్టింది. మర్నాడు ఆసుపత్రిలో పోయాడు. డ్రైవరు తప్పు లేదని విచారణలో తేల్చారు. "నువ్వు చెయ్యాల్సింది చేశావమ్మా. బ్రేకు పూర్తిగా తొక్కావు, రోడ్డు మీద టైర్ల గీతలే చెప్తున్నాయి," అన్నాడు విచారణకొచ్చిన ఆఫీసరు. డిపోలో అందరూ అదే మాట అన్నారు. భుజం తట్టారు. టీ ఇప్పించారు.

ఆమెకి మాత్రం అద్దం మీద వైపరు ఎడమకి వెళ్ళడం గుర్తుంది. ఆ తర్వాత ప్రయాణికులంతా లేచి నిలబడి ఉండడం, ఎవరిదో అన్నం డబ్బా దొర్లుకుంటూ వచ్చి తన సీటు పక్కన ఆగడం గుర్తున్నాయి. మధ్యలో ఏమీ లేదు. ఎంత వెతికినా లేదు.

ఆ రాత్రి ఆమె అన్నం తిన్నది. నిద్రపోయింది. మర్నాడు ఏడుపు వస్తుందేమోనని బాత్రూములో కాసేపు నిలబడి చూసింది. రాలేదు. పెద్దాయన ఇంటికి వెళ్ళినప్పుడు కూడా రాలేదు. ఆయన కూతురు మంచినీళ్ళు తెచ్చి ఇస్తే తాగి గ్లాసు కింద పెట్టింది. అలా తాగేసిన మనిషికి గుండె లేదని, తన గురించి తానే ఒక అభిప్రాయానికి వచ్చింది.

"రేపు మేనేజరుకి ఏం చెప్తున్నావు?" అంది పిచ్చుక, పచ్చలైటు పడగానే కారు కదిలిస్తూ.

మళ్ళీ బస్సు ఎక్కుతావా, టికెట్ల కౌంటరులో కూర్చుంటావా అని అడిగాడు మేనేజరు. సోమవారం చెప్పాలి. ఒకసారి కౌంటరుకి వెళ్తే ఆమె రూటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. తిరిగి రావడం ఉండదు.

"కౌంటరు."

"ఇష్టమేనా?"

"ఇష్టమూ లేదు, అయిష్టమూ లేదు."

"మా క్లినిక్కులో మత్తుసూది వేసినవాళ్ళు ఇలాగే మాట్లాడతారు. వేడిగా ఉందా అంటే తెలీదు, చల్లగా ఉందా అంటే తెలీదు. మత్తు దిగేదాకా ఏమీ నమలొద్దని చెప్పి పంపిస్తాం. వింటారా? తింటారు. చెంప కొరుక్కుంటారు. నొప్పి తెలీదు కదా, హాయిగా నములుతుంటారు. ఒకాయనైతే చొక్కా మీద రక్తం చూసుకుని, ఎవరిదమ్మా ఇది అని నన్నే అడిగాడు."

డ్రైవరమ్మ నవ్వలేదు. "నేను బ్రేకు వెయ్యలేదేమో," అంది.

పిచ్చుక తల తిప్పి చూసింది. వెంటనే మళ్ళీ రోడ్డు చూసింది.

"గీతలున్నాయన్నారుగా?"

"వాన పడుతోంది ఆ రోజు. గీతలు వాళ్ళెలా చూశారు? నా మంచికోసం అని ఉంటారు. వేసి ఉంటే నా కాలికి తెలియదా? పదకొండేళ్ళుగా ఆ కాలితోనే వేస్తున్నాను. దానికేం గుర్తులేదు."

"అన్నయ్యకి చెప్పావా?"

"ఎవరికీ చెప్పలేదు. వెయ్యని మనిషి మళ్ళీ అంతమందిని ఎక్కించుకుని తిరగకూడదు. అంతే."

ఈ సంగతి ఏ ఊళ్ళోనో ఎవరికో జరిగినదాని గురించి చెబుతున్నట్టు చెప్పింది. క్లబ్బు వచ్చేదాకా ఆ కారులో ఇండికేటరు చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు.

ఆదివారం ఇంట్లో కూర్చుంటే గోడలు చూస్తావు, నాతో వచ్చి ఒకసారి పిస్తోలు కాల్చి చూడు అని ఆమెను లాక్కొచ్చింది పిచ్చుకే. రానంటే బతిమాలించుకోవాలి, అదంతా ఎందుకని డ్రైవరమ్మ వచ్చేసింది.

క్లబ్బు బయటినుంచి చూస్తే గోదాములా ఉంది. లోపల ముందుగది, బెంచీ, గోడకి చెవిమూతలు వరసగా వేలాడుతున్నాయి. కొన్నింటి మీద చెమట మరకలు. అతిథిగా పేరు రాసుకుని, కళ్ళద్దాలు, చెవిమూతలు ఇచ్చారు. చెవిమూతలు పెట్టుకోగానే లోకం ఒక అడుగు వెనక్కి జరిగినట్టయింది. ఆమెకి అది కొత్తగా అనిపించలేదు. రెండు నెలలుగా అలాగే ఉంది.

కోచ్ జలుబుతో ఉన్నాడు. పెద్ద ముక్కు, ఎర్రబడి ఉంది. బుగ్గన పిప్పరమెంటు బిళ్ళ పెట్టుకుని మాట్లాడతాడు.

"ఈవిడ మా వదినండీ," అని పరిచయం చేసింది పిచ్చుక.

"మీలాగా మాట్లాడతారా?"

"అస్సలు మాట్లాడదు."

"దేవుడున్నాడు," అన్నాడు కోచ్. ఆయన డ్రైవరమ్మ వైపు తిరిగాడు. "చూడండమ్మా. ఈ ఎర్రగీత దాటేది నేను రమ్మన్నప్పుడే. పిస్తోలు మూతి ఎప్పుడూ బొమ్మవైపే. కాల్చాలనుకునేదాకా వేలు బయటే ఉండాలి, ఇదిగో, ఇలా చాపి. మీట మీద, అదే ట్రిగ్గరు మీద, వెయ్యకూడదు. ఇంకేమీ గుర్తుపెట్టుకోకపోయినా ఫర్వాలేదు."

చిన్న పిస్తోలు. చేతిలోకి తీసుకుంటే స్టీరింగు కన్నా చల్లగా ఉంది. ఎదురుగా తీగకి వేలాడుతున్న కాగితం మీద నల్లటి గుండ్రం, అదే బొమ్మ. మీట మెల్లిగా నొక్కుతూ ఉండమన్నాడు కోచ్, ఎప్పుడు పేలుతుందో మీక్కూడా తెలియకూడదన్నాడు. ఆమె నొక్కింది. పేలింది. ఖాళీ గుల్ల ఎగిరి పక్కన చెక్కకి తగిలి కింద పడింది. కాలిన వాసన వచ్చింది. మళ్ళీ నొక్కింది.

భయం వేస్తుందేమోనని ఎదురుచూసింది, వెయ్యలేదు. సరదాగా ఉంటుందని పిచ్చుక చెప్పింది, అదీ లేదు. పక్క వరసలో ఒక కుర్రజంట ఒక్కో చప్పుడుకీ ఎగిరిపడి నవ్వుకుంటున్నారు. ఈమె కందిపప్పులో రాళ్ళు ఏరుతున్నట్టు నిలబడి కాల్చింది.

కోచ్ గోడ మీది బటను నొక్కితే కాగితం తీగ మీద జారుకుంటూ దగ్గరికి వచ్చింది. నల్లటి గుండ్రంలో ఒక్క చిల్లూ లేదు. అన్నీ కిందనే, తెల్ల కాగితం అంచు దగ్గర గుంపుగా ఉన్నాయి.

"పిస్తోలుకి గురి సరిగ్గా లేనట్టుంది," అంది డ్రైవరమ్మ. ఏదైనా తేడా వస్తే ముందు బండినే అనుమానించడం డ్రైవరుగా ఆమెకి అలవాటు.

కోచ్ అదే పిస్తోలు తీసుకుని రెండు కాల్చాడు. రెండూ నలుపు మధ్యలో పడ్డాయి.

"పిస్తోలు బాగానే ఉందమ్మా. మీరు అదురుతున్నారు."

"నేనా?"

"పేలడానికి ముందే చెయ్యి కిందికి దిగుతోంది. దెబ్బ వస్తుందని ఒంటికి తెలుసు. ముందే కాచుకుంటుంది."

"నేను కదల్లేదు," అంది ఆమె. వాదన కాదు. ఉన్నమాట చెప్పినట్టు చెప్పింది. "నాకు భయం వెయ్యలేదు. అసలేమీ అనిపించలేదు."

"భయమని నేనన్నానా?" కోచ్ ముక్కు చీదుకుని రుమాలు జేబులో పెట్టుకున్నాడు. "సరే. ఇప్పుడు తూటాలు నేను నింపుతాను. మీరు చూడకండి."

ఆయన వెనక్కి తిరిగి నింపాడు. నిజం తూటాల మధ్యలో ఎక్కడో ఒక డమ్మీ పెడతాడని, అందులో మందు ఉండదని, అది ఎన్నోదో కాల్చేవాళ్ళకి తెలియదని పిచ్చుక చెప్పింది. "నాకూ ఇదే చేశాడు మొదట్లో. నా పిస్తోలు కప్పలా దూకింది. వారం రోజులు ఆ వీడియో చూపించి ఏడిపించాడు." ఎర్రగీత వెనక పక్కగా నిలబడి కోచ్‌ని అడిగి ఫోను పట్టుకుంది.

డ్రైవరమ్మ నిలబడింది. ఒకటి పేలింది. రెండోది పేలింది. మూడోది కూడా. తర్వాత మీట నొక్కితే టిక్కుమంది, అంతే. పేలలేదు. ఆమె అలాగే చేతులు చాపి బొమ్మను చూస్తూ నిలబడింది.

"చూశారా?" అన్నాడు కోచ్.

"కదల్లేదు," అంది ఆమె.

కోచ్ పిస్తోలు తీసుకుని ఖాళీ చేసి బల్ల మీద పెట్టాడు. ముగ్గురూ ముందుగదిలోకి వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. పిచ్చుక వీడియోని నెమ్మదిగా నడిపింది.

ఫోనులో ఒక మనిషి ఉంది. ముదురు నీలం చొక్కా, వెనక్కి ముడి వేసిన జుట్టు. డ్రైవరమ్మ ఆమెను తెలిసిన మనిషిని చూసినట్టు కాకుండా, స్టాపులో నిలబడ్డ ప్రయాణికురాలిని చూసినట్టు చూసింది. వేలు మీట మీద నెమ్మదిగా వంగింది. ఇంకా టిక్కుమనలేదు. అప్పుడే ఆ మనిషి భుజాలు ముందుకి వచ్చాయి. మణికట్టు బిగిసింది. పిస్తోలు మూతి బరువైనదేదో పైన పడ్డట్టు కిందికి దిగింది. అద్దాల వెనక రెండు కళ్ళూ గట్టిగా మూసుకున్నాయి. ఆ తర్వాత టిక్కుమంది. కళ్ళు తెరుచుకున్నాయి, చేతులు మళ్ళీ పైకి లేచాయి. మొహంలో మాత్రం ఏమీ జరగలేదు.

"మళ్ళీ వెయ్యి," అంది డ్రైవరమ్మ.

పిచ్చుక వేసింది.

"కళ్ళు మూసుకున్నాను."

"అందరూ మూసుకుంటారు," అన్నాడు కోచ్. "మూసుకున్నారని చెప్తే ఒక్కరూ ఒప్పుకోరు. అందుకే ఈ ఫోను గొడవంతా."

"నాకు తెలియలేదు."

"తెలిస్తే అది అదురెందుకవుతుంది?"

ఆమె మూడోసారి కూడా చూసింది. ఈసారి మొహం చూడలేదు, చేతులే చూసింది. అవి ఆమెను అడగకుండా, ఆమెకి చెప్పకుండా, ఏదో వస్తోందని కాచుకున్న చేతులు. పని అయిపోగానే ఏమీ ఎరగనట్టు మళ్ళీ తమ చోటికి వచ్చేశాయి. కోచ్ పిప్పరమెంటు డబ్బీ తెరిచి ఇద్దరి ముందూ పెట్టాడు. డ్రైవరమ్మ ఒకటి తీసుకుంది గానీ నోట్లో వేసుకోలేదు.

"రెండు నెలలు ఆదివారాలు రండమ్మా," అన్నాడు కోచ్. "మీ చెయ్యి నిలకడగానే ఉంది. ఆ అదురు ఒక్కటీ మాన్పిస్తే బాగా కాలుస్తారు."

"మానకపోతే ఏమవుతుంది?"

"మానకపోతే బొమ్మకి తగలదు."

"అంతేనా?"

"ఇంకేం కావాలి? ఇది పిస్తోలు కాల్చే చోటు."

డ్రైవరమ్మ చేతిలోని పిప్పరమెంటు బిళ్ళ జేబులో వేసుకుంది.

"అయితే ఉండనివ్వండి," అంది.

కోచ్‌కి అర్థం కాలేదు. పిచ్చుక వైపు చూశాడు. పిచ్చుక చెవిమూతలు గోడకి తగిలిస్తూ అటు తిరిగింది.

తిరిగి వచ్చేటప్పుడు రోడ్డు ఖాళీగా ఉంది. వెలుతురు ఇంకా ఉంది. పిచ్చుక డాక్టరు భార్య గురించి, పక్క ఫ్లాటు కుక్క గురించి చెప్పింది. డ్రైవరమ్మ ఊఁ కొట్టింది. లోపల ఏదో కరిగిపోవడం, గుండె తేలికపడడం లాంటివేమీ జరగలేదు. పెద్దాయన సైకిలు గుర్తొచ్చింది. దాని వెనక బుట్ట ఉండేది. ఆ కూతురిచ్చిన గ్లాసు స్టీలుది. అవన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆ మత్తు ఇంకా దిగలేదు.

మందుల షాపు దగ్గర ఒక పిల్లాడి బంతి ఎగురుకుంటూ రోడ్డు మీదికి వచ్చింది. పిచ్చుక బ్రేకు వేసింది. కారు ఆగింది. పిల్లాడు అంచునే ఆగిపోయి, బంతి దొర్లి అవతలికి పోయేదాకా చూసి, నాలిక కరుచుకున్నాడు.

డ్రైవరమ్మ కిందికి వంగి చూసుకుంది. ఆమె కుడికాలు ముందుకి చాచి నేలను అదిమిపట్టి ఉంది. పిక్క రాయిలా బిగిసింది. కాలు పక్కకి తీసి చూసింది. నల్లటి రబ్బరు పట్టా మీద, పాదం ఆనే చోట గీతలన్నీ అరిగి నున్నగా అయిపోయి గుంట పడింది. ఎడమకాలు పెట్టుకునే వైపు గీతలు కొత్తవాటిలా ఉన్నాయి. బస్సు ఎక్కడం మానేసినప్పటినుంచీ రెండు నెలలుగా ఆమెను ఎక్కడికి తిప్పినా ఈ కారులోనే, ఈ సీటులోనే.

"నేను చెప్తే వినవు," అంది పిచ్చుక మెల్లిగా. "పట్టా మార్పించాలని పోయినవారమే అనుకున్నాను."

"మార్పించకు."

పిల్లాడు అటూ ఇటూ చూసుకుని రోడ్డు దాటి బంతి తెచ్చుకున్నాడు. కారు కదిలింది.

"రేపు పొద్దున నన్ను డిపో దగ్గర దింపుతావా?"

"దింపుతాను. కౌంటరు తొమ్మిదింటికి కదా తీసేది? క్లినిక్కుకి పోతూ..."

"చీకటితోనే వెళ్ళాలి."

పిచ్చుక ఆమె వైపు చూసింది. చీకటితో డిపోకి వెళ్ళేది బండి తీసేవాళ్ళేనని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఏళ్ళ తరబడి ఆ అలారం మోతకి అందరూ లేచినవాళ్ళే.

"చీకటితో లేవాలంటే నా ప్రాణం పోతుంది వదినా," అంది చివరికి. "కాఫీ నువ్వే పెట్టాలి."

"పెడతాను."

ముందు సిగ్నల్ ఎర్రగా మారింది. పిచ్చుక వేగం తగ్గించింది. పక్కసీటులో కుడికాలు మెల్లిగా ముందుకి జరిగి అరిగిన చోట ఆనింది. పిచ్చుక అది చూసింది గానీ, ఈసారి తియ్యమనలేదు.