గాజులు తీసిన పూట

రాండి, దగ్గరికి జరగండి. ఆ మాటలు కాసేపు ఆపండి. ఈ కథలో గాజుల చప్పుడుంది, గోల చేస్తే వినబడదు.

మైదుకూరులో స్టీలు బిందెల మీద పేర్లు కొట్టే రబ్బానీ అంగట్లో ఒక లేజరు మిషను ఉంది. దాని వెలుగు కంటికి ఆనదు. కానీ ఎంత పొగరంటే, గోడ మీద పాకే బల్లి నీడను కోసేసింది; ఆ బల్లి ఇప్పటికీ నీడ లేకుండానే తిరుగుతోంది. ఆ వెలుగు శనగగింజంత లెన్సు గుండా వెంట్రుకంత గాజుతీగలోకి దిగాలి. లెన్సు రవ్వంత జరిగినా పేర్లు పడవు. ఆ రోజు బొజ్జన్న బిందె మీద ‘బొ’ పడింది, ‘జ్జన్న’ పడలేదు.

"ఫిరోజా, లెన్సు సరిచెయ్యి. నీవి సన్నటి వేళ్లు" అన్నాడు రబ్బానీ, ఫోను మీంచి తల ఎత్తకుండా.

రొట్టెల పిండి చేత్తోనే వంటింట్లోంచి వచ్చింది అతని పెళ్లాం ఫిరోజా. సన్నటి వేళ్లు. తోటికోడలు ఫాతిమా బీకీ ఇదే మాట చెప్పేవాళ్లు. అంట్లకూ అవే వేళ్లు, మిషనుకూ అవే వేళ్లు, బోర్డు మీద మాత్రం రబ్బానీ పేరు. మిషను బిగించినాయన ఆనాడే చెప్పిపోయాడు: కరెంటు అడుక్కి దించాలి, కళ్లద్దాలు పెట్టుకోవాలి, చేతికి మెరిసేదేదీ ఉండకూడదు, లెన్సులోకి కాదు, వెలుగును కొలిచే మీటరు ముల్లునే చూడాలి. ఒకనాడు లెన్సు సరిచెయ్యడానికి ఫాతిమా అక్క గాజులు తీయబోయింది. "మొగుడు బతికుండంగానే బోడిచేతులేందే?" అంది అత్త. అక్క మళ్లీ తొడుక్కుంది. ఉన్న ఒక్క జత కళ్లద్దాలూ పెట్టుకుని రబ్బానీ పక్కన నిలబడ్డాడు, ఓనరు కదా. వెలుగు మెరుపు పూత గాజుకు తగిలి అక్క కంట్లో దూరింది. నొప్పి కూడా లేదు, ఆ కంటి చూపు పోయింది, అంతే. ఆ తర్వాత రోడ్డు దాటుతుంటే, కనబడని పక్కనుంచి లారీ వచ్చింది.

అప్పటినుంచి మిషను మూత తీస్తే చాలు, ఫిరోజా వెనక గాజులు గలగలమంటాయి.

ఆమె చేతులు కడుక్కుంది. గాజులు ఒక్కొక్కటే తీసి రబ్బానీ అరచేతిలో పెట్టింది. అత్త గడపలోంచి అరిచింది: "నా కొడుకును సంపుతావా?"

"నీ కొడుకు ఆయుస్సు నా గాజుల్లో ఉంటే, అక్క కన్ను ఎవురి చేతుల్లో ఉండెనత్తా?"

రబ్బానీ నుదుటి మీది కళ్లద్దాలు ఫిరోజా తీసుకుంది. "అందరూ బయటికి పోండి."

తలుపు మూసింది. కరెంటు అడుక్కి దించింది. తీగ కొనను మీటరుకు గురిపెట్టి, లెన్సు మరను వెంట్రుకవాసి తిప్పింది. ముల్లు నిద్రపోతున్నట్టే ఉంది. వెనక గాజులు గలగలమన్నాయి. తన చేతులు చూసుకుంది. బోడిగా ఉన్నాయి.

"ఉండక్కా, అయిపోతాండాది" అంది, వెనక్కి తిరగకుండా.

ముల్లు లేచింది. ఇంకాస్త తిప్పితే దిగింది. వెనక్కి తిప్పి, ముల్లు పైకెక్కినచోట మర బిగించింది. చప్పుడు ఆగిపోయింది.

తలుపు తీసేసరికి రబ్బానీ గాజులను నిప్పుల్లా పట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఇంగ ఏసుకో."

"వద్దు. రేపూ మిషను పని ఉండాది. ఎల్లుండీ ఉండాది."

అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. బయట బెంచీ మీదనుంచి బొజ్జన్న లేచి వచ్చి, రబ్బానీ ముక్కు కింద వేలు పెట్టి చాలాసేపు చూశాడు.

"ఊపిరి ఆడతానే ఉండాది లేమ్మా. ఇంగ ‘జ్జన్న’ కొట్టియ్యి."