రెండో ప్రశ్న

స్పానిష్‌లో ‘ప్రొఫుండిసార్’ అని ఒక క్రియ ఉంది. దానికి ఇంగ్లీషు అర్థాలు రాసి పంపడం ఆ రోజు నా పని. రాజమండ్రి దానవాయిపేటలో మేడ మీద వాటాలో కూర్చుని, భాషలు నేర్పే ఒక యాప్‌కి ఇలా మాటలకు అర్థాలు రాసి బతుకుతున్నాను. డీపెన్, గో డీపర్, స్టడీ ఇన్ డెప్త్ అని రాశాను. ఉదాహరణ వాక్యం కూడా ఇవ్వాలి. ‘మొదటి జవాబుతో ఊరుకోకుండా అతను ఇంకాస్త లోతుకు వెళ్ళి అడిగాడు’ అని రాసేసరికి నాకే ఒళ్ళు మండింది. నన్నలా అడిగినవాళ్ళు ఎవరు గనక!

మర్నాడు కాకినాడలో నాకు ఆపరేషన్. రొమ్ములో గడ్డ. అమ్మానాన్నా లేరు, పెళ్ళి విడాకులతో ముగిసింది. ఆఫీసువాళ్ళంటారా, తెర మీద పేర్లే. ఎవరికీ చెప్పలేదు. నా అంతట నేను చెప్పి జాలి అడుక్కోవడం నావల్ల కాదు. ఒక్కరు అడిగితే మాత్రం అంతా చెప్పేసేదాన్ని. అడగందే అమ్మైనా పెట్టదంటారు గానీ, నాకు కావలసింది ఆ అడిగేవాళ్ళే.

బ్యాగూ, దిండూ దుప్పటీ పట్టుకుని దిగాను. ఇస్త్రీ బండి ఏసురాజు "దూరమాండీ?" అన్నాడు. "ఇక్కడికేనండి" అన్నాను. కిరాణా కొట్టు సూర్యకళగారూ అదే అడిగారు, నేనూ అదే చెప్పాను. బయల్దేరే మనిషిని ఎక్కడికని అడిగితే వెళ్ళిన పని చెడుతుందని మావాళ్ళ నమ్మకం. మర్యాదంతా ఆ ‘దూరమా’ దగ్గరే ఆగిపోతుంది. ఆ మర్యాద తగలెయ్య.

అన్నిటికన్నా బాధేసింది మాత్రం, కింది వాటాలో ఉండే ఇంటావిడ శ్యామలాంబగారి తలుపు వేసి ఉండటం. రోజూ మెట్ల దగ్గర నిలబడి "భోజనం అయిందా హేమా?" అని కేకేసే మనిషి సరిగ్గా ఇవాళే మొహం చాటేసింది. బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

అనపర్తి దాటాక ఆవిడ ఫోన్ చేసింది.

"బస్సెక్కావా తల్లీ? ఆయన పోయినదాన్ని కదా, బయల్దేరేటప్పుడు ఎదురు రాకూడదని తలుపేసుకున్నాను. నువ్వు మలుపు తిరిగేదాకా కిటికీ సందులోంచి చూస్తానే ఉన్నాను. ఇంతకీ ఎక్కడికే?"

"ఆఫీసు పనండి మామ్మగారూ."

"ఆఫీసు పనికి దిండూ దుప్పటీ ఎందుకే?"

చెప్పేశాను. గడ్డ, పరీక్షలు, రేపటి ఆపరేషన్, తోడెవరని ఆసుపత్రివాళ్ళు అడిగితే వస్తారని అబద్ధమాడటం, అన్నీ. పక్కసీటావిడ వింటోందని తెలిసినా ఆపలేదు.

"అయ్యో, నేనొద్దును. కానీ ఆపరేషన్‌కి వెళ్ళేవేళ నా మొహం చూడటం మంచిది కాదు తల్లీ. ఎవరైనా ముత్తైదువని తోడు..."

"మీరు ఎదురొస్తేనే లోపలికి వెళ్తాను" అన్నాను. "లేకపోతే తిరిగొచ్చేస్తాను."

అటువైపు ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"ఆయన పోయాక నన్ను ఎదురు రమ్మన్నవాళ్ళు లేరే" అంది. "తర్వాత బస్సు ఎన్నింటికో కనుక్కుని చెప్పు."