ఐదు కమిటీల తనూజ

జనగామ శివారులో ఉన్న ఆ ట్రాన్స్‌ఫార్మర్ల ఫ్యాక్టరీలో తనూజ కావాలంటే ముందు మీటింగు హాలుకు పోవాలి. అక్కడ లేకపోతేనే ల్యాబులో వెతకాలి. నిజానికి ఆమె ఉద్యోగం ల్యాబులోనే. తయారై వచ్చిన ప్రతి ట్రాన్స్‌ఫార్మర్‌నూ పరీక్షించి, బయటికి పంపొచ్చని సంతకం పెట్టే ఇంజనీరు ఆమె.

మీటింగుల గోలంతా కొత్త పాలసీతో వచ్చింది. ఆడవాళ్లకు సమాన స్థానం ఉండాలని హెడ్డాఫీసు ఒక నియమం పెట్టింది. ప్రతి కమిటీలో ఒక మహిళా ఇంజనీరు కూర్చోవాలి, ఆమె లేకుండా జరిగిన మీటింగు చెల్లదు. నియమం మంచిదే. కానీ ఫ్యాక్టరీ మొత్తానికి మహిళా ఇంజనీరు తనూజ ఒక్కతే. దాంతో సేఫ్టీ కమిటీ, కొనుగోళ్ల కమిటీ, క్యాంటీన్ కమిటీ, ఆటల కమిటీ, మహిళా కమిటీ అన్నింట్లోనూ ఆమే. ఉప్మాలో జీడిపప్పు వెయ్యాలా వద్దా అన్న దానిమీద ఒక పూట గడిచిపోయేది. పక్క సీటు నితిన్ నవ్వేవాడు. "గిన్ని కమిటీలు మంత్రులకు గూడ ఉండవు తనూజా. వచ్చేసారి ఎలక్షన్ల నిలబడు."

తనూజ కూడా నవ్వేసేది. ఆమెకు నవ్వు రానిది ఒక్క సంగతిలోనే. తను పరీక్షించిన ట్రాన్స్‌ఫార్మర్ సబ్‌స్టేషన్‌కు చేరి, అక్కడ మొదటిసారి కరెంటు ఎక్కేటప్పుడు దగ్గర నిలబడి చూడాలని ఆమె కోరిక. ఆ సైటు పనికి మగవాళ్లే పోయేవాళ్లు. సైట్లు తిరిగినవాళ్లకే సీనియర్ పోస్టు వచ్చేది. ఆమె తర్వాత చేరిన నితిన్ అప్పుడే నాలుగు సైట్లు చూసొచ్చాడు.

వర్క్స్ మేనేజర్ ఉపేందర్ చెడ్డవాడు కాదు. ఆమె పెట్టిన సంతకాన్ని మళ్లీ చూడకుండా లారీ ఎక్కించేవాడు. సైటు మాట ఎత్తితే మాత్రం ఏదో ఒక అడ్డంకి చెప్పేవాడు. ఒకసారి ఎండ, ఒకసారి వాన, ఒకసారి అడవి. ఈసారి భూపాలపల్లి వైపు సైటు వచ్చింది.

"నేను పోత సార్," అంది తనూజ.

"నాకేం అభ్యంతరం లేదమ్మా. సేఫ్టీ బూట్లు లేకుంటె సబ్‌స్టేషన్ గేటు కాడనే ఆపుతరు. మన స్టోర్ల ఏడో నంబరు కంటె చిన్నయి లెవ్వు. నీది నాలుగాయె. నేనేం జెయ్యాలె చెప్పు," అన్నాడు ఉపేందర్, నిజంగానే బాధపడుతూ.

చిన్న బూట్లు తెప్పించమని ఆమె రెండుసార్లు అడిగింది. ఒక్క జత కోసం ఎవరు తెప్పిస్తారని స్టోరు వాళ్లు పక్కన పడేశారు.

ఆ వారంలోనే రాణి చేరింది. డోర్నకల్ అమ్మాయి, పాలిటెక్నిక్ చదివి టెక్నీషియన్‌గా వచ్చింది. ఆమెకూ ఏడో నంబరు బూట్లే ఇచ్చారు. ముందు భాగంలో బట్ట కుక్కుకుని రెండు రోజులు ఎట్లనో నడిచింది. మూడో రోజు ట్రాన్స్‌ఫార్మర్లు బిగించే షెడ్డులో నూనె డబ్బా పట్టుకుని వస్తూ, బూటు గడపకు తట్టుకుని బోర్లా పడింది. దెబ్బ తగల్లేదు కానీ ఒళ్లంతా నూనె. చుట్టూ ఉన్నవాళ్లు లేపి కూర్చోబెట్టారు.

ఉపేందర్ పరుగున వచ్చాడు. "అందుకే చెప్తున్న. ఆడపిల్లలకు షెడ్డు పని ఎందుకు? రేపటి సంది ఆఫీసుల కూసొని లెక్కలు కంప్యూటర్ల ఎక్కియ్యి బిడ్డా."

రాణి తల దించుకుంది. ఆమె కళ్లలో నీళ్లు తనూజ చూసింది. పడ్డది పిల్ల తప్పు వల్ల కాదు, బూటు వల్ల. శిక్ష మాత్రం పిల్లకు.

మర్నాడు హెడ్డాఫీసు నుంచి తనిఖీకి వస్తున్నారు. వాళ్లకు చూపించాల్సిన కాగితాల కోసం, రాణి పడిన రోజు సాయంత్రమే సేఫ్టీ కమిటీ కూర్చోవాలి. అందరూ హాల్లో చేరారు, తనూజ రాలేదు. ఉపేందర్ ఆమెను వెతుక్కుంటూ ల్యాబుకు వచ్చాడు.

"అందరు నీ కోసమే చూస్తున్నరు. నువ్వు రాకుంటె మీటింగు చెల్లదు తెల్సుగద?"

"తెల్సు సార్. నేను గూడ మీటింగులనే ఉన్న. మహిళా కమిటీ."

గదిలో ఆమె, రాణి తప్ప ఎవరూ లేరు.

"గిది మీటింగా?" అన్నాడు ఉపేందర్.

"ఇద్దరమున్నం. ఫ్యాక్టరీల ఉన్న ఆడోళ్లమంత వచ్చినట్టే సార్," అంది తనూజ నెమ్మదిగా. "మా తీర్మానం ఒక్కటే. మీరు పదో నంబరు బూట్లేసుకొని, నూనె డబ్బా పట్టుకొని, ఇక్కడి నుంచి స్టోరు దాక పోయి రావాలె. తర్వాత నేనొచ్చి ఎక్కడ సంతకం పెట్టుమంటె అక్కడ పెడ్త."

ఉపేందర్ ఆమె ముఖంలోకి చూశాడు. కోపం లేదు, వెనక్కి తగ్గే ఉద్దేశమూ లేదు. ఆయన కాలు ఏడో నంబరు. ఉపేందర్ వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డ నితిన్ ఎక్కడినుంచో పదో నంబరు జత, ఖాళీ డబ్బా పట్టుకొచ్చాడు. తెచ్చేటప్పుడే వాడి ముఖం వెలిగిపోతోంది.

రేపటి తనిఖీ గుర్తొచ్చి, ఉపేందర్ ఆ బూట్లు తొడుక్కుని బయల్దేరాడు. టపాటపామంటూ వరండా దాటాడు. మెట్ల దగ్గర ఒక బూటు వెనకే ఉండిపోయింది, కాలు ముందుకొచ్చింది. ఫ్యాక్టరీ అంతా పని ఆపి చూసింది. స్టోరు మలుపులో డబ్బా జారి దొర్లుకుంటూ పోయింది. ఆయన గోడ పట్టుకుని నిలబడి, కాసేపటికి తనే నవ్వడం మొదలుపెట్టాడు.

బూట్లు చేత పట్టుకుని, ఉత్త కాళ్లతో మీటింగు హాలుకు వచ్చాడు. "బూట్ల సంగతే మొదలు రాయుండ్రి," అన్నాడు. "రాణి షెడ్డులనే ఉంటది. ఇందాకటి నా మాట తప్పు."

"సైటు సంగతి గూడ సార్," అంది తనూజ. "ఎవరిని పంపాలె అన్నది మీ ఇష్టం మీద వద్దు. వంతు పెట్టుండ్రి. ఎవరి వంతొస్తె వాళ్లే పోవాలె."

ఉపేందర్ ఒక క్షణం ఆలోచించి తలూపాడు. ఆ రోజు తనూజ సంతకాలు చకచకా పెట్టింది.

వారం తిరక్కుండానే నాలుగు, ఐదు నంబర్ల బూట్లు వచ్చాయి. మొదటి వంతు ఇప్పటిదాకా అసలు పోనివాళ్లది. పొద్దున్నే జీపులో తనూజ, రాణి, ఉపేందర్ బయల్దేరి ములుగు మీదుగా భూపాలపల్లి చేరారు. సబ్‌స్టేషన్‌లో లైన్‌మన్ ఐలేశ్ ఎదురొచ్చాడు. జీపు లోపలికి, వెనక్కి చూసి, ఉపేందర్‌తో అన్నాడు. "ఇంజనీర్ సాబు మీరేనా?"

"నేను తోడొచ్చిన. ఇంజనీరు ఈమె," అన్నాడు ఉపేందర్.

"అట్లనా. రాండ్రి మేడం, చాయ్ తాగి మొదలువెడ్దం," అన్నాడు ఐలేశ్, మరో మాట లేకుండా.

తనూజ మధ్యాహ్నం దాకా అన్నీ చూసింది. నూనె మట్టం, ఎర్తు తీగలు, ఒక్కో బోల్టు. రాణి మీటరు పట్టుకుంటే తను అంకెలు చదివింది. ఒక చోట ఎర్తు తీగ వదులుగా ఉంటే రాణే కనిపెట్టి బిగించింది. చివరికి అందరినీ దూరం జరగమని చెప్పి, తనూజ స్విచ్ వేసింది. ఒక్క క్షణం ఏమీ వినపడలేదు. తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ కడుపులోంచి సన్నగా, నిలకడగా జుమ్మని మోత మొదలైంది. ల్యాబులో ఎన్నోసార్లు విన్న మోతే. కానీ ఇక్కడ దాని అవతల ఊళ్లు ఉన్నాయి. రాణి ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వచ్చే నెల కాళేశ్వరం దిక్కు ఇంకోటున్నది," అన్నాడు ఉపేందర్. "పోతవా?"

పోతానని నోటిదాకా వచ్చింది తనూజకు. "నితిన్ వంతు సార్," అంది, కొంచెం కష్టంగానే. ఉపేందర్ పగలబడి నవ్వాడు.

పక్కకు వచ్చి దంతాలపల్లికి ఫోన్ చేసింది. మిరప తోటలో ఉన్న తండ్రి సమ్మయ్య ఎత్తాడు.

"బాపూ, నేను చెకింగ్ జేసిన ట్రాన్స్‌ఫార్మర్‌కు నేనే కరెంటు ఎక్కిచ్చిన. గిప్పుడే."

"మంచిగయింది బిడ్డా," అన్నాడు సమ్మయ్య. ఆ వెంటనే, "గా చేత్తోనే జర మన మోటరు సంగతి గూడ చూడరాదు. పొద్దటి సంది కరెంటు లేదు," అన్నాడు.